ఇంటి కప్పు మీద కరెంటు: ఖర్చెంత, అప్పెంత?

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో సమాఖ్య విస్తరణ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం. సభ్యులందరికీ చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.)



మేము సంఘాలకు వచ్చినప్పుడు ఇంతవరకు మీరు అడిగే ప్రశ్నలు వెన్న శాతం గురించి, దాణా ధర గురించి, గాలికుంటు టీకాల గురించి ఉండేవి. ఈ మధ్య వాటితో పాటు మరో ప్రశ్న ప్రతి ఊళ్ళోనూ వినబడుతున్నది. "ఇంటి మీద సోలార్ పలకలు పెట్టించుకొంటే కరెంటు బిల్లు ఉండదంటున్నారు. బ్యాంకు అప్పు కూడా ఇస్తుందట. పెట్టించుకోమంటారా?" అని అడుగుతున్నారు. కొన్ని సంఘాల పాలక వర్గాలు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆ అప్పు వాయిదాలను పాల బిల్లులో కోసి బ్యాంకుకు కట్టవచ్చునా అని మాకు ఉత్తరాలు వ్రాశాయి.

పెట్టించుకోండి అనో, వద్దు అనో ఒక్క మాటలో చెప్పడం తేలిక. కాని అది సరైన సమాధానం కాదు. ఒక ఇంటికి లాభమైనది పక్క ఇంటికి నష్టం కావచ్చును. అందుచేత ఈ రోజు మీతో కలిసి లెక్క వేసి చూడదలచుకొన్నాము. గేదెను కొనేటప్పుడు పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుంది, ఎన్ని నెలలు ఇస్తుంది, మేపు ఎంత అని విచారించకుండా మనం డబ్బు చేతిలో పెట్టము గదా. ఇదీ అంతే.

పలక ఎంత ఇస్తుంది?

ముందుగా ఒక కిలోవాట్ అంటే ఏమిటో చూద్దాము. ఒక కిలోవాట్ సోలార్ పలకలకు నీడ పడని కప్పు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. మన ప్రాంతపు ఎండకు అది రోజుకు సగటున 4 యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్ల వరకు ఇస్తుంది. ఇది ఏడాది సగటు మాత్రమే. వానాకాలంలో మబ్బులు పట్టినప్పుడు తగ్గుతుంది, వేసవిలో పెరుగుతుంది. అయితే ఎండ మండే కొద్దీ కరెంటు పెరుగుతుందనుకోవడం పొరపాటు. పలకకు కావలసినది వెలుతురు, వేడి కాదు. పలక బాగా వేడెక్కితే దాని దిగుబడి కొంత తగ్గుతుంది. మన గేదె కూడా నడివేసవి ఎండకు పాలు తగ్గిస్తుంది గదా.

పలకలకు సాధారణంగా 25 ఏళ్ళ దిగుబడి హామీ ఇస్తారు. ఏటా అర శాతానికి కాస్త అటూ ఇటూగా శక్తి తగ్గుతూ పోతుంది. పలకలో పుట్టిన కరెంటును ఇంటికి పనికి వచ్చే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ మాత్రం అన్నేళ్ళు రాదు. పది, పన్నెండేళ్ళకు ఒకసారి మార్చవలసి వస్తుందని ముందే లెక్కలో వేసుకోవడం మంచిది.

ఖర్చు, సబ్సిడీ

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో "పి.ఎం. సూర్యఘర్" పథకాన్ని ప్రారంభించింది. కోటి ఇళ్ళ మీద పలకలు పెట్టించాలన్నది లక్ష్యం. రు. 75,021 కోట్లు కేటాయించి, 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు అమలు జరిగేలా దీనిని రూపొందించారు. ఇందులో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రు. 30,000, మూడవ కిలోవాట్‌కు రు. 18,000 సబ్సిడీ. అంటే 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు. ఆ పైన ఎన్ని పెట్టించుకొన్నా 78 వేలే.

ఇది కాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన తరగతుల కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు మరో రు. 20,000 సాయాన్ని, షెడ్యూల్డు కులాలు, తెగల కుటుంబాలకు ఉచితంగా పలకలు పెట్టించే ఏర్పాటును 2025లో ప్రకటించింది. ఈ వర్గాల సభ్యులు సొంత డబ్బు ఖర్చు పెట్టే ముందు మీ విద్యుత్ సెక్షన్ ఆఫీసులో తప్పక విచారించవలసిందిగా మనవి.

ధరలు కంపెనీని బట్టి, ఇంటి ఎత్తును బట్టి, ఇనుప స్టాండును బట్టి మారుతూ ఉంటాయి. లెక్క సులువు కోసం 1 కిలోవాట్ రు. 70,000, 2 కిలోవాట్లు రు. 1,35,000, 3 కిలోవాట్లు రు. 1,95,000 అనుకొందాము. సబ్సిడీ పోగా మొదటి కిలోవాట్‌కు మన చేతి ఖర్చు 40 వేలు, రెండవ దానికి 35 వేలు, మూడవ దానికి 42 వేలు అవుతుంది. మీకు వచ్చిన కొటేషన్ వేరుగా ఉంటే ఆ అంకెలు వేసి ఇదే పద్ధతిలో చూసుకోండి.

మూడు ఇళ్ళ లెక్క

ఇక్కడ అసలు కిటుకు ఉన్నది. కరెంటు ధర అన్ని యూనిట్లకూ ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సవరించిన టారిఫ్ ప్రకారం ఇళ్ళకు మొదటి 30 యూనిట్లు రు. 1.90 చొప్పున, 75 దాకా రు. 3, 125 దాకా రు. 4.50, 225 దాకా రు. 6, 400 దాకా రు. 8.75, ఆ పైన రు. 9.75. మెట్లు ఎక్కే కొద్దీ ధర పెరుగుతుంది. సోలార్ పలక కోసివేసేది పై మెట్టు యూనిట్లను. కాబట్టి పై మెట్టు ఎక్కినవారికి లాభం ఎక్కువ, కింది మెట్టు మీద ఉన్నవారికి తక్కువ.

మొదటి ఇల్లు నెలకు 100 యూనిట్లు వాడే ఇల్లు. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, టీవీ, చిన్న ఫ్రిజ్. యూనిట్ల ఖర్చు నెలకు రు. 304.50. ఒక కిలోవాట్ పెడితే అదంతా పోతుంది. బాగానే ఉన్నది. కాని ఏడాదికి మిగిలేది రు. 3,654. చేతి ఖర్చు 40 వేలు తిరిగి రావడానికి 11 ఏళ్ళు పడుతుంది. అప్పు తెచ్చి పెడితే వడ్డీ కూడా కలిసి ఇంకా ఆలస్యమవుతుంది. ఈ ఇంటివారికి మా సలహా: తొందరపడవద్దు.

రెండవ ఇల్లు 200 యూనిట్లది. ఖర్చు రు. 867. ఒక కిలోవాట్ పెడితే మిగిలే 80 యూనిట్లకు రు. 214.50 అవుతుంది. నెలకు రు. 652.50 ఆదా. ఏడాదికి రు. 7,830. చేతి ఖర్చు అయిదేళ్ళలో తిరిగి వస్తుంది. ఇదే ఇంటికి రెండు కిలోవాట్లు పెట్టించుకొంటే? రెండవ కిలోవాట్ కోసివేసేది నెలకు రు. 214.50 మాత్రమే. దాని మీద పెట్టిన 35 వేలు రావడానికి 13 ఏళ్ళు దాటుతుంది.

మూడవ ఇల్లు 300 యూనిట్లది. పెద్ద కుటుంబం, నీళ్ళ మోటారు, వేసవిలో ఏ.సి. ఖర్చు రు. 1,673. రెండు కిలోవాట్లు పెడితే 60 యూనిట్లే కొనవలసి ఉంటుంది, వాటికి రు. 147. నెలకు రు. 1,526 ఆదా. ఏడాదికి 18 వేల పైచిలుకు. చేతి ఖర్చు 75 వేలు నాలుగేళ్ళలో వచ్చేస్తుంది. ఇది మంచి బేరం. అయితే మూడవ కిలోవాట్ కూడా పెట్టించుకోమని అమ్మేవారు ఒత్తిడి చేస్తారు. అది మిగిల్చేది నెలకు ఆ రు. 147 మాత్రమే. 42 వేలు రావడానికి 23 ఏళ్ళు దాటుతుంది. మిగులు యూనిట్లు డిస్కమ్ కొంటుంది గదా అంటారు. నిజమే, కాని మిగులుకు అది ఇచ్చే ధర మనం కొనే పై మెట్టు ధర కంటే చాలా తక్కువ. కరెంటు అమ్ముకొని బతుకుదామని ఎవరూ అప్పు చేయవద్దు.

పాలు ఇచ్చే గేదెకు మొదటి కిలో దాణా పెడితే పాలు కనబడతాయి. రెండవ కిలోకూ కొంత కనబడతాయి. ఇవ్వగలిగిన దానికి మించి పెడితే పేడ పెరుగుతుంది తప్ప పాలు పెరగవు. కప్పు మీద పలకల లెక్కా అటువంటిదే. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాచుకోవాలన్నారు పెద్దలు. కప్పు ఉన్నంత మేరా పలకలు పరచుకోవాలని అనలేదు.

పై అంకెలలో సుంకం, సర్దుబాటు చార్జీలు కలపలేదు. అవి కూడా కలిస్తే ఆదా కొంత పెరుగుతుంది. స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ మాత్రం పలకలు ఉన్నా కట్టవలసిందే. "సున్నా బిల్లు" అన్న మాట విన్నప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఉచిత విద్యుత్ పథకాల కింద ఇప్పటికే బిల్లు కట్టనవసరం లేని ఇళ్ళు కొన్ని ఉన్నాయి. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్ళకు బిల్లు లేదు. సరిహద్దు ఊళ్ళలోని సభ్యులు అక్కడి చుట్టాలకు సలహా చెప్పేటప్పుడు ఈ సంగతి చూసి చెప్పండి. లేని బిల్లును తగ్గించడానికి అప్పు చేయడం అప్పు చేసి పప్పుకూడు తినడం కంటే అన్యాయం.

అప్పు సంగతి

ఈ పథకం కింద 3 కిలోవాట్ల వరకు, రు. 2 లక్షలకు మించకుండా, ప్రభుత్వ రంగ బ్యాంకులు ఆస్తి తాకట్టు లేకుండా అప్పు ఇస్తున్నాయి. మొత్తం ఖర్చులో 10 శాతం మనం పెట్టుకోవాలి. గడువు 10 ఏళ్ళ వరకు. వడ్డీ రిజర్వు బ్యాంకు రెపో రేటుకు అర శాతం కలిపి ఉంటుంది కాబట్టి ఆ రేటు మారినప్పుడు ఇదీ మారుతుంది. మనం 7 శాతం అనుకొని లెక్క వేద్దాము. బజారులో వందకు రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. ఆ అప్పుతో పలకలు పెట్టించుకొంటే ఎంత మంచి ఇంటికైనా గిట్టుబాటు కాదు. ఈ పనికి చేబదుళ్ళు, ఫైనాన్సు అప్పులు అసలే వద్దు.

మూడవ ఇంటివారి 2 కిలోవాట్ల లెక్కే చూడండి. రు. 1,35,000లో సొంతం రు. 13,500. బ్యాంకు రు. 1,21,500. సబ్సిడీ 60 వేలు అప్పు ఖాతాకు జమ అయిన తరువాత నిలిచేది రు. 61,500. దానిని అయిదేళ్ళలో కడితే నెలకు సుమారు రు. 1,218, మొత్తం వడ్డీ సుమారు 11,600. పదేళ్ళలో కడితే నెలకు రు. 714, కాని వడ్డీ 24 వేలు దాటుతుంది. నెలకు రు. 1,526 ఆదా అవుతున్నది గనుక అయిదేళ్ళ వాయిదా కట్టినా చేతిలో ఇంకా మూడు వందలు మిగులుతుంది. ఇదే మేము చెప్పే కొలబద్ద. ఆదా అయ్యే బిల్లు వాయిదాను మోయగలిగితేనే అప్పు తీసుకోండి. మోయలేకపోతే ఆ భారం మరోచోటు నుంచి, చివరకు గేదె మేపు నుంచి తీయవలసి వస్తుంది.

సబ్సిడీ ముందుగా రాదు. పలకలు బిగించి, నెట్ మీటరు పెట్టి, విద్యుత్ శాఖవారు తనిఖీ చేసిన తరువాతే మన ఖాతాలో పడుతుంది. అంతవరకు మొత్తం భారం మనదే. "సబ్సిడీ మేము చూసుకొంటాము, మీరు సంతకం పెట్టండి" అనే వారి మాట మీద ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు.

పాల బిల్లులో కోత

ఇప్పుడు సంఘాలు అడిగిన ప్రశ్నకు వస్తాము. 1980 నుంచి దేశమంతటా సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద పేద కుటుంబాలకు గేదెలు ఇచ్చినప్పటి సంగతి మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. చాలా ఇళ్ళకు ఒక్క గేదె మాత్రమే వచ్చింది. అది వట్టిపోయింది. వాయిదా మాత్రం వట్టిపోలేదు. మళ్ళీ ఈనే దాకా పాల డబ్బు లేదు, అప్పు పెరిగిపోయింది. కొందరు గేదెనే అమ్మి బాకీ తీర్చారు. ఆ పాఠం మనం మరచిపోకూడదు.

సోలార్ పలక వట్టిపోదు. కాని దాని వాయిదాను పాల బిల్లుకు కట్టివేస్తే, వట్టిపోయే గేదె మెడకు వట్టిపోని బాకీని కట్టినట్లవుతుంది. అందుచేత సమాఖ్య అభిప్రాయం ఈ విధంగా ఉన్నది.

ఒకటి, సభ్యుని అప్పుకు సంఘం పూచీ పడరాదు. సంఘం డబ్బు అందరిది. ఒకరి కప్పు మీద పలక కోసం అందరి వాటా ధనాన్ని తాకట్టు పెట్టే అధికారం పాలక వర్గానికి లేదు.

రెండు, సభ్యుడు లేక సభ్యురాలు తన చేతితో వ్రాసి ఇస్తేనే పాల బిల్లులో కోయవచ్చును. ఏ బిల్లులోనూ నాలుగవ వంతుకు మించి కోయరాదు. ఎప్పుడు వద్దని వ్రాసి ఇచ్చినా మరుసటి బిల్లు నుంచి ఆపివేయాలి.

మూడు, గేదె వట్టిపోయినా, చనిపోయినా కోత దానంతట అదే ఆగిపోవాలి. ఆ నెలల్లో సభ్యులు కరెంటు బిల్లులో మిగిలిన డబ్బుతో వాయిదా కట్టుకోవాలి. వేసవిలో పాలు తగ్గుతాయి, ఫ్యాన్లు, ఏ.సి.ల వల్ల కరెంటు వాడకం పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే పలకలు ఎక్కువ ఇస్తాయి. ఆ ఆదాను విడిగా ఒక పొదుపు ఖాతాలో వేసుకొంటే బాకీ బరువనిపించదు. చలికాలంలో పాలు పుష్కలంగా ఉన్నప్పుడు నాలుగు వాయిదాలు ముందుగా కట్టుకోవడం ఇంకా మంచిది.

నాలుగు, పాల బిల్లు చాలా ఇళ్ళలో ఇల్లాలి చేతికి వచ్చే డబ్బు. పేడ తీసేది, పాలు పితికేది ఆవిడ. కరెంటు కనెక్షన్, అప్పు మాత్రం మగవారి పేరున ఉంటాయి. కోతకు ఒప్పుకొనే కాగితం మీద పాలు పోసే ఆమె సంతకమే ఉండాలి. ఆమె ఇష్టం లేకుండా ఆమె పాల డబ్బు తీసుకొన్న సంఘాన్ని ఆమె నమ్మదు. ఆమె నమ్మని నాడు ఆ పాలు మన కేంద్రానికి రావు.

బిగించే ముందు చూసుకోవలసినవి

కరెంటు కనెక్షన్ ఎవరి పేరున ఉన్నదో చూసుకోండి. చాలా ఇళ్ళలో చనిపోయిన తాతగారి పేరే ఉంటుంది. ముందు పేరు మార్పించుకోవాలి. సబ్సిడీ ఇంటి కనెక్షన్లకు మాత్రమే. పొలం మోటారుకు వర్తించదు.

పథకం పోర్టల్‌లో నమోదైన సంస్థ చేతనే పని చేయించాలి. సబ్సిడీ రావాలంటే సెల్స్ కూడా మన దేశంలో తయారైన పలకలే ఉండాలి. చౌక అని వేరే పలకలు బిగిస్తే సబ్సిడీ పోతుంది. కొటేషన్లు కనీసం మూడు తీసుకోండి. సోలార్ సామగ్రి మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటు వేసిన కొటేషన్‌ను తిప్పి పంపండి.

కప్పు సంగతి ముఖ్యం. స్లాబు ఇల్లు అనువైనది. పెంకుటింటి మీద, పాత రేకుల మీద పెట్టే ముందు దూలాల బలం ఇంజనీరుకు చూపించండి. పలకలు దక్షిణముఖంగా వాలి ఉండాలి. కొబ్బరిచెట్టు నీడ ఒక్క పలక మీద పడినా దానితో వరుసగా కలిపిన మిగతా వాటి దిగుబడి కూడా పడిపోవచ్చును. కోస్తా జిల్లాల వారికి 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ తుపాను గుర్తున్నది గదా. స్టాండు బిగింపులో పిసినారితనం వద్దు. ఇంటి బీమాలో పలకలను కూడా చేర్పించండి.

ఇంకొక మాట. ఊళ్ళో కరెంటు పోతే మామూలు పలకల కరెంటు కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాకు తగలకుండా అలా ఏర్పాటు చేస్తారు. కరెంటు పోయినప్పుడు కూడా కావాలంటే బ్యాటరీలు పెట్టాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. ఒక సంఘంలో ఒక సభ్యుడు కోతల బాధ తీరుతుందని పలకలు పెట్టించి, మొదటి కోత రోజున చీకట్లో కూర్చొని మాకు ఫోను చేశారు. అమ్మినవారు ఆ ముక్క చెప్పలేదట, ఆయన అడగలేదట. మీరు అడగండి.

బిగించిన తరువాత వారం, పది రోజులకొకసారి తెల్లవారుజామున మామూలు నీళ్ళతో కడిగితే చాలును. మన ఇళ్ళ దగ్గర గడ్డి ధూళి ఎక్కువ. మధ్యాహ్నం కాగిన పలక మీద చల్లనీళ్ళు పోయవద్దు, పగిలే ప్రమాదమున్నది.

సంఘం ఏమి చేయగలదు?

పూచీ పడవద్దన్నాము గాని, ఊరుకొమ్మనలేదు. ఊళ్ళో పది మంది పెట్టించుకోదలిస్తే సంఘం కలిసి బేరమాడవచ్చును. విడివిడిగా దాణా కొనే ధరకు, సంఘం లారీ తెప్పించే ధరకు తేడా మీకు తెలియనిది కాదు. దరఖాస్తు నింపడంలో, బిల్లు చూసి ఎన్ని కిలోవాట్లు సరిపోతాయో చెప్పడంలో కార్యదర్శులు సాయపడవచ్చును. గడిచిన 12 నెలల కరెంటు బిల్లులు తెమ్మనండి. ఒక్క మే నెల బిల్లు చూసి నిర్ణయం చేయవద్దు.

సహకారానికి ఇందులో చోటు లేదనుకోకండి. మన పాల సంఘాలకు పుట్టినిల్లయిన గుజరాత్‌లోని ఖేడా జిల్లాలోనే ధుండి అనే ఊళ్ళో 2016లో ఆరుగురు రైతులు సోలార్ పంపుల సహకార సంఘం పెట్టుకొన్నారు. పొలానికి నీళ్ళు పెట్టుకోగా మిగిలిన కరెంటును అందరూ కలిసి విద్యుత్ సంస్థకు అమ్మారు. పాలను కలిపినట్లే వారు కరెంటును కలిపారు. అక్కడి పద్ధతి అచ్చంగా మనకు సరిపోతుందని చెప్పడం లేదు. కలిసి లెక్క వేసుకొన్నవారు మోసపోరని చెబుతున్నాము.

చివరగా ఒక మనవి. ఈ పత్రిక చదివిన ప్రతి సభ్యుడు, సభ్యురాలు ఇంటికి వెళ్ళి తమ కరెంటు బిల్లులు తీసి, నెల సగటు ఎన్ని యూనిట్లో ఒక కాగితం మీద వ్రాయండి. సగటు 125 లోపు ఉంటే ఆ డబ్బు మంచి పెయ్యదూడ మీదో, పశువుల పాక మీదో పెట్టండి. 200 చుట్టూ ఉంటే ఒక కిలోవాట్ గురించి ఆలోచించండి. 300 ఉంటే రెండు కిలోవాట్లకు బ్యాంకుకు వెళ్ళండి. సందేహమున్నవారు ఆ కాగితాన్ని వచ్చే మహాజన సభకు తీసుకొని రండి. మేము వస్తాము, కూర్చొని లెక్క వేద్దాము.